పల్లె చూడాలంటే కూర్మ గ్రామమా, పొందూరా? ఏది మేలు?

సంక్రాంతి దగ్గరపడుతోందంటే చాలు, విశాఖ నుంచో హైదరాబాద్ నుంచో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: "పిల్లలకి పల్లెటూరు చూపించాలి. కూర్మ గ్రామం వెళ్లమంటారా, పొందూరు వెళ్లమంటారా?" సొంతూళ్లో ఇల్లూ మనుషులూ ఉన్నవాళ్లకి ఈ ప్రశ్నే రాదు. లేనివాళ్ల కోసం రాస్తున్నాను. రెండూ శ్రీకాకుళం జిల్లాలోవే. పొందూరు చేత్తో వడికిన నూలు ఖాదీకి పేరున్న ఊరు.

కూర్మ గ్రామాన్ని ఈపాటికి వీడియోల్లో చూసే ఉంటారు. హిరమండలం మండలం అంతకాపల్లి దగ్గర 2018లో మొదలైంది. కరెంటు లేదు, ఇంటింటికీ ఫోన్లు లేవు. మట్టి, ఇసుక, సున్నంతో కట్టిన ఇళ్లు, కట్టెల పొయ్యిలు, ఆవులు, సొంత సాగు, పిల్లలకి గురుకులం. పొద్దు గూకితే నూనె దీపాలే. పుట్టిన దగ్గర్నుంచి ట్యూబులైటు కింద పెరిగిన పిల్లలకి చీకటంటే ఏమిటో తెలియాలంటే జిల్లాలో ఇంతకన్నా మంచి చోటు నాకు కనిపించలేదు.

అయితే అది ఇస్కాన్ బాటలో నడిచే భక్తులు కోరి ఎంచుకున్న బతుకు. మంచి ఉద్యోగాలు వదిలి వచ్చినవాళ్లూ అక్కడున్నారు. మన ఉత్తరాంధ్ర పల్లెలో చోడి (రాగి) అంబలి పక్కన ఎండుచేపల కూర ఉంటుంది, రామకోవెల అరుగు మీద రాజకీయాలుంటాయి. కూర్మ గ్రామంలో ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. టీ, కాఫీ ఊసే లేదు. పొద్దున్నే టీ పడకపోతే తల పట్టుకునే మా బావలాంటివాళ్లు ముందే ఆలోచించుకోవాలి. ఆశ్రమానికి వెళ్తున్నామనుకుని వెళ్తే మాత్రం మనసుకి హాయిగా ఉంటుంది.

నా మటుకు నేను చూసేది ఒక్కటే. మనం వెళ్లామని అక్కడి పని ఆగుతుందా, ఆగదా? కూర్మ గ్రామంలో వచ్చినవాళ్లకి చూపించడానికీ చెప్పడానికీ ఎవరో ఒకరు చేతిలో పని వదిలి రావాలి. వాళ్లు ఓపిగ్గానే చెబుతారు. కానీ మనం చూసేది చాలావరకు వాళ్ల ఆతిథ్యమే, పని కాదు.

పొందూరులో రాట్నం ముందున్న అమ్మ "రండి, కూకోండి" అంటుంది, చెయ్యి మాత్రం ఆపదు. ఆవిడకి కూలి గిట్టేది చిలపల (నూలు చుట్టల) లెక్కన. పక్క గదిలో టీవీ సీరియల్ నడుస్తూ ఉంటుంది, ఇక్కడ పోగు సాగుతూ ఉంటుంది. ఆ నూలు నూరో నంబరు నూలు, అంటే బాగా సన్నది, వెలుతురుకి అడ్డంగా పెడితే గానీ కంటికి ఆనదు. దానికన్నా ముందు జరిగే పని ఇంకా చూడాలి. గింజకి అంటుకుని ఉన్న పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకి వరసగా సన్నటి పళ్లుంటాయి, అవే దువ్వెన. నలకలు పోయి పోగులన్నీ ఒక వాటానికి వచ్చాక గింజ తీయడం, దూదిని విడదీసి ఏకడం, వడకడానికి ఏకులుగా చుట్టడం. పిల్లలు మేమూ దువ్వుతామంటే ఎముక చేతికిచ్చి చూస్తారు. నాలుగు పోగులు తెగ్గానే అందరూ నవ్వుతారు, ఎముక మళ్లీ ఆవిడ చేతిలోకి వెళ్లిపోతుంది. వడికే చేతులు ఇప్పుడు ఎక్కువగా పెద్ద వయసువాళ్లవే. అందుకే పొందూరు ముందు చూడండి అంటాను.

పొందూరు ఫొటోల్లో పల్లెలా పడదు, ఆ మాట ముందే చెప్పాలి. మండల కేంద్రం, డాబాలు, బైకులు, సెల్ టవర్లు. పూరిళ్లూ ఎడ్లబళ్లూ కావాలనుకున్న పిల్లలు మొదటి పది నిమిషాలు మొహం ముడుచుకుంటారు. ఎడ్లబండి ఎక్కించి ఫొటో తీసి పంపే రిసార్టు పల్లెలు వేరే ఉన్నాయి, వాటి జోలికి నేను పోను.

మిగతావి చెప్పమంటే, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగ తొలిచి వీణలు చేస్తారు. ఇంట్లో సంగీతం నేర్చుకునే పిల్లలుంటే ఒక పూట వెళ్లి రావచ్చు. ఉద్దానంలో కవిటి, సోంపేట వైపు కొబ్బరి, జీడి తోటలు కంటికి చలవ. 2018 తిత్లీ తుపానులో చాలా చెట్లు కూలాయి. అక్కడ తోట ఉన్నవాళ్లెవరూ తెలియకపోతే రోడ్డు మీంచి చూసి రావడమే.

వరి పండే ఏ ఊళ్లోనైనా మీకు ఒక్క రైతు కుటుంబం తెలిసి ఉంటే మాత్రం కూర్మ గ్రామం, పొందూరు రెండూ పక్కన పెట్టి ఉభాలకి, అంటే వరి నాట్లకి వెళ్లండి. ఈ ఏడు కాలం అయిపోతే వచ్చే జులై, ఆగస్టుల్లో వర్షాలు చూసుకుని బయల్దేరండి. ఆకు (నారు) తీసి కట్టలు కట్టేవాళ్లు ఒక మడిలో, దాన్ని ఊడ్చేవాళ్లు (నాటేవాళ్లు) ఇంకో మడిలో. ఆ రోజుల్లో మీతో కూర్చుని మాట్లాడే తీరిక ఊళ్లో ఎవరికీ ఉండదు. పిల్లల్ని బురదలోకి దింపితే దిగనిస్తారు, గట్టు మీద అన్నం తినేటప్పుడు మీకూ ఒక ముద్ద పెడతారు.

పండగ మూడు రోజులూ పల్లె చూడాలనుకోవడం నాకు నచ్చదు. వలస వెళ్లినవాళ్లంతా తిరిగొచ్చి ఊరు కళకళలాడుతుంది నిజమే, కానీ మగ్గం దగ్గరా రాట్నం దగ్గరా ఎవరూ కూర్చోరు. పొందూరుకైతే ముక్కనుమ దాటాక మామూలు పనిరోజు చూసుకోండి. పొందూరులో రైలు స్టేషనుంది, శ్రీకాకుళం నుంచి బస్సులూ ఉన్నాయి, బస శ్రీకాకుళంలో పెట్టుకుంటే సరిపోతుంది. ముందు ఖాదీ సంఘం దగ్గర అడిగి, వాళ్లు చూపించిన ఇంటికి వెళ్లండి. వచ్చేటప్పుడు ఆ అమ్మ చేతిలో నోటు పెట్టొద్దు, సంఘంలో పంచో చొక్కా గుడ్డో కొనండి. అన్నం వేళకి మాత్రం ఎవరింట్లోనూ ఉండకండి, మీకోసం పొయ్యి వెలిగించాల్సి వస్తుంది.