రూమ్ షేరింగ్‌లో ఇంటి పన్ను: కిరాయిలో కలిపితే మేలా, తలా ఇంత పంచుకుంటే మేలా?

మహబూబ్‌నగర్ మెట్టుగడ్డ దగ్గర నలుగురం కలిసి ఇల్లు తీసుకున్నప్పుడు ఓనర్ అన్నది ఒక్కటే మాట, "ఇంటి పన్ను మీరే చూసుకోండి తమ్మీ, తలా ఇంత వేసుకుంటే ఎంతవుతది?" సరే అన్నాం. ఏడాదికి 3,600, అంటే మనిషికి 900. మార్చిలో బిల్ కలెక్టర్ వచ్చేసరికి ఇద్దరు ఖాళీ చేసి పోయారు, ఆయన చేతిలో పెట్టిన కాగితంలో ఈ ఏడాది పన్ను కింద ఇంకో వరుస ఉంది: పాత బకాయి, దాని మీద వడ్డీ. మేము ఆ ఇంట్లో అడుగు పెట్టకముందు రెండేళ్లది!

చట్టం ప్రకారం మన దగ్గర ఆస్తి పన్ను బాధ్యత ఓనర్‌దే. అసెస్‌మెంట్, అంటే ఇంటికి పన్ను లెక్కగట్టిన రికార్డు, ఆయన పేరు మీదే, రసీదూ ఆయన పేరు మీదే వస్తుంది. ఇంట్లో ఒక్కరున్నా ఆరుగురున్నా పన్ను మారదు, అది ఇంటికి వేసేది, మనుషుల లెక్కన కాదు. కానీ బకాయి కట్టలేదని మున్సిపల్ వాళ్లు నల్లా కట్ చేస్తామంటే బిందెలు పట్టుకొని తిరిగేది మాత్రం ఇంట్లో ఉన్నవాళ్లే కదా.

అందుకే నా ఓటు కిరాయిలో కలిపేయడానికే. నెలకు 300 అంటే నలుగురిలో ఒక్కొక్కరికి 75 రూపాయలు, ఎవరు ఎప్పుడు పోయినా లెక్క తెగిపోతుంది. ఏప్రిల్‌లోనే ఏడాది మొత్తం కట్టేస్తే ఓనర్‌కు 5 శాతం తగ్గింపు వస్తుంది, ఆలస్యం చేస్తే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. పంచుకునే రూముల్లో ఏప్రిల్‌లో పైసలు జమ చేసేదెవరు? కిరాయి పెరిగితే ఇన్‌కమ్ టాక్స్ పెరుగుతుందని జంకే ఓనర్ ఉంటే ఈ మాట చెప్పండి, ఆ ఏడాది తాను స్వయంగా కట్టిన ఇంటి పన్నును కిరాయి ఆదాయంలోంచి తీసేశాకే మిగతా లెక్క మొదలవుతుంది. మనం కడితే ఆయనకు ఆ మినహాయింపు రాదు.

పంచుకోవడం అసలే పనికిరాదని కాదు. రెండు కుటుంబాలు చెరో పోర్షన్‌లో ఏళ్ల తరబడి ఉంటూ, ఓనర్ ఆ మేరకు కిరాయి తగ్గిస్తే బాగానే నడుస్తుంది. అప్పుడు కూడా అడ్వాన్స్ ఇచ్చేముందే అసెస్‌మెంట్ నంబర్ అడిగి ఆన్‌లైన్‌లో బకాయి చూసుకోండి, పాతది ఓనర్‌దేనని, మధ్యలో పోయేవాళ్లు ఉన్న నెలలకే ఇస్తారని అగ్రిమెంట్‌లో రాయించుకోండి. నోటి మాట వద్దు.

అన్నిటికంటే చెడ్డది ఒక్కడు మొత్తం తన మీద వేసుకోవడం. పోయినవాళ్లు ఫోన్ ఎత్తరు, ఆ ఏడాది 1,800 నా జేబులోంచే పోయాయి, బకాయి గొడవ ఓనర్‌తో నెల నడిచింది.

ఇప్పుడు ఏనుగొండలో ఉంటున్నా, కిరాయి 300 ఎక్కువే. మొన్న ఏప్రిల్ మొదటి వారంలోనే ఓనర్ అంకుల్ రసీదు ఫొటో వాట్సాప్‌లో పెట్టారు, బకాయి అన్నచోట సున్నా ఉంది.