పెద్దక్షరాల తెలుగు బైబిలు: మూడేళ్లు వాడాక నా అభిప్రాయం

ఈ బైబిలు కొని మూడేళ్లయింది. మొదటి రెండేళ్లు డయాలసిస్ వార్డులో మా ఆయన మంచం పక్కన కూర్చుని పైకి చదివాను. ఆయన పోయాక, ఈ ఏడాదిగా ఒక్కదాన్నే చదువుకుంటున్నాను. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవాళ్లకీ, మనిషిని పోగొట్టుకున్నవాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నాను.

నా పెళ్లినాటి బైబిలు ఒకటి ఉంది. చిన్నది, సంచిలో పట్టేస్తుంది. కానీ వార్డులో ట్యూబ్ లైట్లు మంచాలకి దూరంగా ఉండేవి. నాకు అప్పటికే కుడి కంట్లో శుక్లం మొదలైంది. రెండు వచనాలు చదివేసరికి కళ్లలో నీళ్లు కారేవి. గుంటూరులో ఒక క్రైస్తవ పుస్తకాల షాపులో ఈ పెద్దక్షరాల బైబిలు చూసి 850 రూపాయలకి తీసుకున్నాను. పాత అనువాదమే, మనం చర్చిలో చదివేదే. అక్షరం నా పాతదానికి దాదాపు రెట్టింపు ఉంది. కళ్లజోడు మర్చిపోయి వెళ్లిన రోజు కూడా చదవగలిగాను. ఆ ఒక్క సుఖానికే పెట్టిన డబ్బు దండగ కాలేదనిపించింది.

ముందు లోపాలు చెప్పేస్తాను. బరువు ఎక్కువ. ఇంట్లో కాటా మీద పెడితే రెండు కిలోలకి కాస్త తక్కువ తూగింది. పడుకుని పట్టుకోలేం, ఒళ్లో దిండు పెట్టుకుని దాని మీద ఆనించాలి. కాగితం మరీ పల్చన, వెనక పేజీ అక్షరాలు ఇవతలికి కనబడతాయి. రెండు వరుసల్లో అచ్చు వేయడం వల్ల కీర్తనల్లో ఒక్కో పాదం మూడు ముక్కలవుతుంది. పైకి చదివేటప్పుడు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియక తడబడ్డాను. యేసు మాటలు ఎర్ర రంగులో ఉన్నాయి, చూడ్డానికి బాగుంటుంది గానీ తక్కువ వెలుతురులో ఆ ఎరుపు వెలిసినట్టు ఉంటుంది. జిప్ కవరు నాలుగు నెలలకే పాడైంది. షాపులో అడిగితే కవరుకి గ్యారంటీ లేదన్నారు. బైండింగ్ మాత్రం గట్టిది. రోజూ తెరిచి మూసినా ఒక్క పేజీ ఊడలేదు.

ఇక దేనికి పనికొచ్చిందో చెప్పాలి.

మా ఆయన ఆర్టీసీ డ్రైవరు. వేసవిలో కనిగిరి రూటులో బస్సు నడిపి ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా చెంబెడు నీళ్లు గటగటా తాగేసేవారు. అలాంటి మనిషికి కిడ్నీలు రెండూ పోయాయి. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మిషన్ మీద. రోజు మొత్తానికి నీళ్లు, టీ, మజ్జిగ, చారు అన్నీ కలిపి లీటరు దాటకూడదన్నారు. మిషన్ ఎక్కించే ముందు ప్రతిసారీ బరువు చూసేవారు. బరువు పెరిగితే ఆ నీరంతా నాలుగు గంటల్లో లాగాలి. అప్పుడు బీపీ పడిపోయేది, పిక్కలు పట్టేసేవి. సూదులకి ఆయన ఎప్పుడూ భయపడలేదు. దాహానికే భయపడేవారు. ఐసు ముక్క నోట్లో పెట్టుకుని కరగనివ్వకుండా దాచుకునేవారు. చూడలేక నేను వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగేదాన్ని, చప్పుడు కాకుండా.

కీర్తనలు వరుసగా చదువుతున్నాం, రోజుకి రెండో మూడో. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం 42వ కీర్తన వచ్చింది. దుప్పి నీటివాగుల కొరకు ఆశపడునట్లు అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఆ మనిషి ముందు నీళ్ల మాట ఎలా చదవను? పేజీ తిప్పబోయాను. ఆయన కళ్లు మూసుకునే, "ఏమే, ఆపావేం? చదువు" అన్నారు. చదివాను. అయ్యాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ దుప్పికి కూడా ఇంకా నీళ్లు దొరకలేదుగా" అన్నారు.

నలభై ఏళ్లుగా ఆ కీర్తన చదువుతున్నాను, పాడాను, సండే స్కూలు పిల్లలకి కంఠస్థం చేయించాను. దుప్పి నీళ్లు తాగుతున్నట్టే ఊహించుకున్నాను ఎప్పుడూ. నిజమే, ఆ కీర్తనలో అది తాగదు. చివరి వచనం దాకా దాహంతోనే ఉంటుంది, కాకపోతే దేవునితో మాట్లాడడం మానదు.

అప్పటినుంచి ఆయనే అడగడం మొదలుపెట్టారు. ముందెప్పుడో దాటిపోయిన 22వ కీర్తన మళ్లీ తీయించారు. అందులో బలం ఎండిపోయి చిల్లపెంకులా అయిందని ఉంటుంది, నాలుక దవడకి అంటుకుపోయిందని ఉంటుంది. యోహాను 19వ అధ్యాయం అడిగారు, సిలువ మీద యేసు దప్పిగొనుచున్నానని అన్న చోటు. నేను ఆ ఎర్ర అక్షరాలు కనబడక పుస్తకాన్ని కిటికీ వైపు తిప్పుకున్నాను. "ఆయనకి తెలుసులే" అన్నారు మా ఆయన. దాహం తగ్గలేదు. కానీ ఆ తర్వాత ఐసు ముక్క కోసం నా మీద కోప్పడడం తగ్గింది, రాత్రుళ్లు లేచి గిన్నెలు వెతకడం తగ్గింది. నాకు తెలిసిన స్వస్థత అది. 42వ కీర్తన పేజీ మీద ఇప్పటికీ ఐసు గ్లాసు తడి మరక ఉంది, కాగితం ముడతలు పడిపోయింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మందులు మానేయండి, డయాలసిస్ ఆపేయండి, విశ్వాసం ఉంటే చాలు అని చెప్పినవాళ్లు మా ఇంటికీ వచ్చారు. మేం ఒక్క రోజు కూడా మానలేదు. వాక్యం చదివింది మిషన్ పక్కనే. మిషన్ ఆయన్ని రెండేళ్లు బతికించింది, ఆ రెండేళ్లూ ఎలా బతకాలో ఈ పుస్తకం చూపించింది. రెండూ దేవుడిచ్చినవేనని నేను నమ్ముతాను.

ఆయన పోయాక ఆదరణ కూడికలో చాలామంది ప్రేమగా మాట్లాడారు. ఒకామె మాత్రం, "విశ్వాసులం ఏడవకూడదమ్మా, ప్రభువు దగ్గరికేగా వెళ్లారు" అంది. మంచి మనసుతోనే అంది. నేను మూడు నెలలు చర్చిలో ఏడుపు బిగబట్టుకున్నాను. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది. లైటు వేసి, దిండు పెట్టుకుని, ఈ బైబిలు తీసేదాన్ని. అప్పుడు దొరికింది 88వ కీర్తన. అది చీకటిలో మొదలై చీకటిలోనే ముగుస్తుంది, చివర్లో ఒక్క ఓదార్పు మాట కూడా లేదు. ఇలాంటి ప్రార్థనని కూడా తీసేయకుండా ఉంచారు కదా అనిపించి గుండె తేలికైంది. యోహాను 11లో యేసు స్నేహితుడు లాజరు చనిపోయి నాలుగు రోజులైంది. అతన్ని బతికించి లేపబోతున్నానని యేసుకి తెలుసు. తెలిసీ కన్నీళ్లు విడిచాడు. ఆ వచనం ఈ పెద్దక్షరాల్లో కూడా ఒక్క పాదమే. ఆ రాత్రి నేను గొంతెత్తి ఏడ్చాను. తర్వాతి ఆదివారం చర్చిలో కూడా ఏడ్చాను.

56వ కీర్తనలో బుడ్డి, కవిలె అనే మాటలు ఉన్నాయి. మన కన్నీళ్లని దేవుడు బుడ్డిలో పోసి ఉంచుతాడట, కవిలెలో రాసుకుంటాడట. మా అమ్మాయికి కవిలె అంటే తెలియలేదు, లెక్కల పుస్తకమని చెప్పాను. పాత తెలుగు కష్టమని పిల్లలంటారు గానీ, బాధలో ఉన్నప్పుడు ఈ మాటలే నోటికి ఆనతాయి. మొదట అచ్చయిన తెలుగు సువార్తల వెనక కూడా ఒక దుఃఖం ఉంది. 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డిగ్రాంజెస్ అనే ఇద్దరు మిషనరీలు, ఆనందరాయరు అనే పండితుని సాయంతో అనువాదం చేశారు. 1809లో ఒకరు, 1810లో ఒకరు పోయారు. 1812లో బెంగాల్‌లోని సేరంపూర్‌లో అచ్చయిన సువార్తల్ని ఇద్దరూ చూడలేదు. మా ఒంగోలు వైపు 1876-78 నాటి ధాత కరువులో క్లవ్ దొర అనే మిషనరీ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి పని ఇచ్చాడు. ఆ కాలువ గట్టు మీద పని చేసినవాళ్లు, విన్న వాక్యాన్ని ఎలా పట్టుకున్నారో ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది.

దుఃఖంలో ఉన్నవాళ్లకి ఇది బహుమతిగా ఇవ్వాలనుకుంటే తప్పకుండా ఇవ్వండి. కానీ ఆశీర్వాద వచనం దగ్గర రిబ్బన్ పెట్టి ఇవ్వకండి, కీర్తనల దగ్గర పెట్టండి. ఇచ్చి, వెంటనే ఏమీ చెప్పకుండా కాసేపు పక్కన కూర్చోండి. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు మొదటి ఏడు రోజులూ చేసింది అదే, నోరు తెరిచాకే తప్పు చేశారు.

కొనేముందు షాపులో లైటు కింద చూసి తీసుకోకండి, అక్కడ అన్నీ బాగానే కనబడతాయి. కాస్త నీడలోకి తీసుకెళ్లి యోహాను 19 తెరవండి. ఆ ఎర్ర అక్షరాలు మీ కళ్లకి అందితే తీసుకోండి, లేకపోతే అంతా నల్ల అక్షరాలున్న ప్రతి అడగండి. జిప్ కవరు వద్దు, మామూలు అట్ట చాలు.