ఇంటి చదువుకు ఏ ల్యాప్‌టాప్ మేలు?

పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్న తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది: 20–25 వేల రూపాయల్లో క్రోమ్‌బుక్ (గూగుల్ క్రోమ్‌ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్) కొనాలా, కొత్త విండోస్ ల్యాప్‌టాప్ కొనాలా, లేక కంపెనీలు వాడి అమ్మేసిన లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్ వంటి వాటిని రీఫర్బిష్డ్‌లో, అంటే బాగుచేసి మళ్లీ అమ్మేవాటిలో తీసుకోవాలా? ఎనిమిదేళ్ల వయసులో కొన్న యంత్రం ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూలు) పదో తరగతికి కనీస వయసైన 14 ఏళ్లు వచ్చేదాకా నడవాలన్నది ఈ పోలికకు నేను పెట్టుకున్న గడువు.

ప్రోగ్రామింగ్ నేర్పే స్క్రాచ్, లెక్కలకు వాడే జియోజీబ్రా, ఎన్‌సీఈఆర్‌టీ పీడీఎఫ్‌లు, ప్రభుత్వ వేదిక దీక్షలోని పాఠాలు ఈ మూడింటిలోనూ నడుస్తాయి కనుక ప్రాసెసర్ వేగం దగ్గర పెద్దగా తేలేదేమీ లేదు. నా ఉద్దేశంలో తేల్చవలసింది మరమ్మతు సంగతి. బడిలోనైతే కంప్యూటర్ ల్యాబ్ ఉంటుంది, ఒకటి చెడితే పక్కదాని ముందు కూర్చుంటారు. ఇంట్లో ఉన్నది ఒకటే, అది సర్వీస్ సెంటర్‌లో పడి ఉన్నన్నాళ్లూ పాఠాలు అక్కడే ఆగిపోతాయి.

ఈ కోణంలో చూస్తే అన్నిటికన్నా బలహీనమైనది తక్కువ ధర కొత్త విండోస్ ల్యాప్‌టాప్. సెలెరాన్ ప్రాసెసర్‌తో వచ్చే ఈ తరగతి యంత్రాలలో చాలావాటికి ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడే మెమరీ), ఈఎమ్‌ఎమ్‌సీ అనే చవక రకం స్టోరేజీ రెండూ మదర్‌బోర్డుకే అతికించి ఉంటాయి కాబట్టి, 64 జీబీ నిండిపోతే పెంచుకునే దారి ఉండదు, స్టోరేజీ పాడైతే బోర్డు మొత్తం మార్చవలసి వస్తుంది. తెర కూడా తరచూ టీఎన్ రకమే. పక్కనుంచి చూస్తే అందులో రంగులు వెలిసిపోయినట్లు కనిపిస్తాయి. తల్లీ బిడ్డా పక్కపక్కన కూర్చుని ఒకే తెరను చూడవలసిన ఇంటి చదువులో ఇది చిన్న లోపం కాదు.

క్రోమ్‌బుక్‌కు అంతకంటే న్యాయమైన వాదన ఉంది. త్వరగా తెరుచుకుంటుంది, వైరస్‌ల బెడద తక్కువ, గూగుల్ ఫ్యామిలీ లింక్ యాప్ ద్వారా ఏ సైట్లు చూడవచ్చో, ఎంతసేపు వాడవచ్చో తల్లిదండ్రులే నిర్ణయించవచ్చు. గూగుల్ 2023లో ప్రకటించిన విధానం ప్రకారం పదేళ్ల పాటు అప్‌డేట్లు వస్తాయి. అయితే ఆ పదేళ్లు మనం కొన్న రోజు నుంచి కాక, ఆ మోడల్ ఆధారపడిన ప్లాట్‌ఫామ్ (లోపలి హార్డ్‌వేర్ నమూనా) విడుదలైన నాటి నుంచి లెక్క. ఆఫర్‌లో దొరికే పాత మోడల్‌కు ఎన్నేళ్లు మిగిలాయో ముందే చూసుకోవాలి. ధర తక్కువ మోడళ్లలో ఇక్కడా స్టోరేజీ అతికించే ఉంటుంది. నెట్ ఆగితే పనులు చాలావరకు కుంటుపడతాయి. కంప్యూటర్ వ్యవహారాలతో పరిచయం లేని ఇంటికి, నెట్ నిలకడగా ఉంటే, దీన్ని కాదనను.

నా మొగ్గు మాత్రం రీఫర్బిష్డ్ బిజినెస్ ల్యాప్‌టాప్ వైపే. ఉదాహరణకు 2018లో వచ్చిన థింక్‌ప్యాడ్ టీ480 తీసుకుంటే, ర్యామ్‌కు రెండు స్లాట్‌లు ఉంటాయి, ఎస్‌ఎస్‌డీ (స్టోరేజీ) విప్పి మార్చవచ్చు, లోపలి బ్యాటరీ కాక వెనుక తీసి పెట్టుకునే బ్యాటరీ మరొకటి ఉంటుంది, కీబోర్డు మీద కాసిన్ని నీళ్లు ఒలికినా తట్టుకునేలా చేశారు. విడిభాగాలు సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి కంప్యూటర్ బజార్లలో వెతికితే దొరుకుతాయి. బరువు కాస్త ఎక్కువే కానీ, వీపున మోసుకుని ఎక్కడికీ వెళ్లేది లేదు కదా! గీకుడు గుర్తులు సహించగలిగితే చాలు.

కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి ఉన్న ప్రాసెసర్లే అర్హం కనుక, ఐ5-8250యూ లాగా మోడల్ సంఖ్య 8తో మొదలయ్యేది చూసుకోవాలి. ఆరు, ఏడు తరాలవి చవగ్గా ఇస్తామంటారు. విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే ఉబుంటు వేసుకుని, పదేళ్లలోపు పిల్లలకు జీకాంప్రీ లాంటి ఆటపాటల ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకోగలవారికే అవి పనికొస్తాయి. టీ480లో కూడా టీఎన్ తెర ఉన్నవి తిరుగుతుంటాయి, పక్కనుంచి చూసినా రంగులు చెదరని ఐపీఎస్ ఫుల్ హెచ్‌డీ అని ఖాయం చేసుకోవాలి. బ్యాటరీ రిపోర్టు తీయించి మొదటి సామర్థ్యానికీ ఇప్పుడు నిండే సామర్థ్యానికీ తేడా చూడాలి. బయాస్ (యంత్రం తెరుచుకునేటప్పుడు మొదట నడిచే సాఫ్ట్‌వేర్) పాస్‌వర్డ్ గానీ పాత కంపెనీ లాక్ గానీ మిగిలి ఉంటే, ఎంత తగ్గించినా తీసుకోకూడదు. బిల్లు మీద వారంటీ రాయించుకోవడం మరవద్దు.

ట్యాబ్లెట్ పాఠాలు చూడటానికి బాగుంటుంది, వ్యాసం రాయడానికి కాదు. మ్యాక్‌బుక్ ఎయిర్ చక్కటి యంత్రమే గానీ, దాని ధర ఈ బడ్జెట్‌కు అందదు, ర్యామ్ పెంచుకోవడమూ కుదరదు.