ఆదివారం గోల్ఫ్‌కి ఏ లెక్క మేలు: స్ట్రోక్ ప్లేనా, మ్యాచ్ ప్లేనా, స్టేబుల్‌ఫర్డా?

గోల్ఫ్ ఆడేవాళ్లు నలుగురు చేరితే డ్రైవర్ అనే పెద్ద కర్రల గురించీ బంతుల ధర గురించీ గంటలు మాట్లాడతారు. ఆటని ఏ లెక్కన ఆడాలన్నది మాత్రం మొదటి టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) దగ్గర నిలబడి, ఆవులిస్తూ అరనిమిషంలో తేల్చేస్తారు. నా వరకు క్లబ్ (బంతిని కొట్టే కర్ర) ఏ కంపెనీదన్న దానికన్నా ఈ లెక్కే ముఖ్యం. విజయనగరం నుంచి వెళ్లి ఆడే మాలాంటి వాళ్లకి మరీను. మేం ఆడేది విశాఖలో, ముడసర్లోవ దగ్గరున్న ఈస్ట్ పాయింట్ కోర్సులో. చీకటితో మూడు లాంతర్ల దగ్గర కారెక్కి ఆనందపురం మీదుగా పోవాలి. శ్రీకాకుళం నుంచి వచ్చి కలిసేవాళ్లు మాకన్నా ముందే లేవాలి. వారానికో, రెండు వారాలకో దక్కే ఆట. పద్దెనిమిది హోల్స్ (గుంటలు) ఉండే ఆటకి అంత దూరం పోయి మూడో హోల్‌లోనే మనసు విరిగితే, మిగతా పదిహేను హోల్సూ ఎండలో ఊరికే తిరగడమే.

మా నలుగురి సంగతి ముందు చెప్పాలి, లేకపోతే ఈ పోలికకి అర్థం ఉండదు. ఒకాయన నేవీలో చేసి వచ్చారు, హ్యాండిక్యాప్ 8 (కొట్టిన దెబ్బల్లోంచి తీసేసే అంకె ఇది, బాగా ఆడేవాళ్లకి తక్కువ). మాస్టారిది 28. నాది ఆ రెంటికీ మధ్య. నాలుగోవాడు మా బావ, కిందటేడే క్లబ్ పట్టుకున్నాడు. అంచేత నేను చెప్పేది ఇలాంటి కలగూరగంప జట్లకి. నలుగురూ సమానంగా ఆడేవాళ్లయితే ఈ గొడవే లేదు, ఎలా ఆడినా ఒకటే.

స్ట్రోక్ ప్లే అందరికీ తెలిసిందే. పద్దెనిమిది హోల్స్‌లో ఎన్ని దెబ్బలు కొట్టారో కూడాలి, హ్యాండిక్యాప్ తీసేయాలి, తక్కువ వచ్చినవాడు గెలిచినట్టు. టీవీలో చూసే పెద్ద పోటీల్లో ఎక్కువ భాగం ఇదే. దీనిలో దయాదాక్షిణ్యాలు లేవు. ప్రతి హోల్‌లోనూ బంతి గుంటలో పడి తీరాలి. అరడుగు పట్ (గుంటలోకి బంతిని దొర్లించే చిన్న దెబ్బ) అయినా సరే, కొట్టకుండా చేత్తో తీసేసి తర్వాతి టీకి వెళ్లి కొట్టేస్తే పోటీలోంచే తీసేస్తారు. ఎనిమిది పడితే ఎనిమిదీ, పదమూడు పడితే పదమూడూ కార్డెక్కుతాయి.

1999లో స్కాట్లండ్‌లోని కార్నూస్టీలో జరిగిన బ్రిటిష్ ఓపెన్ పోటీ గుర్తుందా? ఫ్రెంచి ఆటగాడు జాన్ వాన్ డి వెల్డ్ చివరి హోల్‌లో ఆరు కొట్టినా కప్పు అతనిదే. ఏడు కొట్టాడు. ప్లేఆఫ్‌లో పాల్ లారీ గెలిచాడు. నాలుగు రోజులపాటు ప్రపంచంలో అందరికన్నా బాగా ఆడినవాడు ఒక్క హోల్‌తో పోగొట్టుకున్నాడు. అది వాళ్ల ఉద్యోగం, వాళ్లకి అలాగే ఉండాలి. మాస్టారికి అలా ఎందుకు ఉండాలి? రెండో హోల్‌లో టీ మీంచి రెండు బంతులు ఓబీ (కోర్సు హద్దు బయటికి) పోతే ఆయన అక్కడినుంచి కొట్టేది ఐదో దెబ్బ. ఆ హోల్ ముగిసేసరికి తొమ్మిదో పదో. ఇక ఆ పొద్దంతా మాటా పలుకూ ఉండదు. నేవీ ఆయన మాత్రం ఇదే అసలైన గోల్ఫ్ అంటారు. "మిగతావన్నీ బుజ్జగింపులండీ" అని ఆయన మాట. 8 హ్యాండిక్యాప్ వాళ్లు అలా అనకపోతే ఆశ్చర్యపోవాలి.

ఒక సర్దుబాటు ఉంది. 2019లో గోల్ఫ్ నియమాలు తిరగరాసినప్పుడు గరిష్ఠ స్కోరు అనే పద్ధతిని చేర్చారు. ఒక హోల్‌లో ఇంతకు మించి రాసుకోనక్కర్లేదని ముందే ఒక హద్దు పెట్టుకోవచ్చు. కొత్తవాళ్లున్న జట్టు స్ట్రోక్ ప్లేనే ఆడతామని పట్టుపడితే కనీసం ఈ హద్దయినా పెట్టుకోవాలి.

మ్యాచ్ ప్లేలో మొత్తం అక్కర్లేదు. హోల్ హోల్‌కీ ఎవరు గెలిచారన్నదే లెక్క. పదకొండు కొట్టినా పోయేది ఒక్క హోలే, తర్వాతి టీ దగ్గర కొత్త ఆట. ఇద్దరి హ్యాండిక్యాప్‌ల తేడా చూసి బలహీనుడికి దెబ్బలిస్తారు. నేవీ ఆయనకీ మాస్టారికీ తేడా 20. అంటే ప్రతి హోల్‌లో మాస్టారికి ఒకటి అదనం, కార్డు మీద స్ట్రోక్ ఇండెక్స్ 1, 2 అని ఉన్న కష్టమైన హోల్స్‌లో రెండేసి.

ఇద్దరే ఉన్న రోజు దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. బుర్రకి పని పెట్టే ఆట ఇది. అవతలివాడి బంతి నీళ్లలో పడిందా, నువ్వు ఐరన్ తీసి మధ్యలోకి నెట్టుకుంటే చాలు. వాడు గ్రీన్ మీద జెండా పక్కన ఆపాడా, నీకు తెగించక తప్పదు. స్ట్రోక్ ప్లేలో నువ్వు కోర్సుతో ఆడతావు, ఇక్కడ మనిషితో. పట్ ఇచ్చేయడం, అంటే కొట్టకుండానే పడినట్టు ఒప్పుకోవడం, అనే మర్యాదా ఇందులోనే ఉంది. 1969లో అమెరికా, బ్రిటన్ జట్ల మధ్య జరిగిన రైడర్ కప్‌లో చివరి హోల్ దగ్గర టోనీ జాక్లిన్ కొట్టాల్సిన చిన్న పట్‌ని జాక్ నిక్లాస్ కొట్టనివ్వకుండానే ఇచ్చేశాడు. ఆ పోటీ 16–16తో సమమైంది, రైడర్ కప్ చరిత్రలో అదే మొదటి సమం. మన దగ్గర ఈ మర్యాద వేరే దారి పడుతుంది. బావ పట్ నేను ఇవ్వకపోతే ఆ మాట రాత్రికల్లా మా అక్క చెవిన పడుతుంది. మామగారితో ఆడేవాళ్లయితే నాలుగడుగుల పట్ కూడా ఇచ్చేసి దణ్ణం పెట్టాల్సిందే.

దీని లోటు నలుగురు ఉన్నప్పుడు బయటపడుతుంది. రెండు మ్యాచ్‌లు పక్కపక్కన నడుస్తుంటే ఎవరి గోల వాళ్లదే. పైగా ఒకడు ఐదు హోల్స్ ముందుండి నాలుగే మిగిలితే మ్యాచ్ పద్నాలుగో హోల్‌లోనే అయిపోతుంది. ఇంకో చిన్న పందెం వేసుకుని మిగతా నాలుగూ ఆడతారు గానీ, పస ఉండదు. ఇద్దరిద్దరు జట్టుకట్టి, జట్టులో మంచి స్కోరునే లెక్కలోకి తీసుకునే ఫోర్‌బాల్ కొంత నయం. అందులో కూడా మా బావలాంటివాడు సగం హోల్స్‌లో పనికిరాడు, ఆ సంగతి వాడికీ తెలుస్తుంటుంది.

ఇక స్టేబుల్‌ఫర్డ్. ఫ్రాంక్ స్టేబుల్‌ఫర్డ్ అనే డాక్టరు దీన్ని మొదట 1898లో వేల్స్‌లోని గ్లామోర్గన్‌షైర్ క్లబ్బులో ప్రయత్నించాడు. ఇప్పుడు మనం ఆడే రూపంలో మొదటి పోటీ 1932లో, లివర్‌పూల్ దగ్గర సముద్రం ఒడ్డునున్న వాలసీ క్లబ్బులో జరిగింది. గాలికొట్టు కోర్సులో సామాన్యుడి కార్డు మొదటి రెండు మూడు హోల్స్‌లోనే పాడైపోవడం చూసి విసిగి ఈ లెక్క కట్టాడంటారు. పొద్దెక్కాక విశాఖలో సముద్రపు గాలి లేచినప్పుడు ఆడినవాళ్లకి ఆ డాక్టరు బాధ వేరే చెప్పక్కర్లేదు.

లెక్క ఇది. నీకు రావాల్సిన దెబ్బలు తీసేశాక పార్ (ఆ హోల్‌కి నిర్ణయించిన దెబ్బలు) అయితే రెండు పాయింట్లు, బోగీకి (పార్‌కన్నా ఒకటి ఎక్కువ) ఒకటి, బర్డీకి (ఒకటి తక్కువ) మూడు, ఈగల్‌కి (రెండు తక్కువ) నాలుగు. డబుల్ బోగీ, ఆపైన ఎంతైనా సున్నా. సున్నా కన్నా కిందికి పోదు. నెగెటివ్ మార్కులు లేని పరీక్ష అన్నమాట. మాస్టారికి 28 కాబట్టి ప్రతి హోల్‌లో ఒక దెబ్బ, కష్టమైన పది హోల్స్‌లో రెండు. అలాంటి ఒక పార్ 4లో ఆయన ఆరు కొడితే లెక్కకి నాలుగు, రెండు పాయింట్లు. ఏడు కొట్టినా ఒక పాయింటు. ఏడో దెబ్బకీ పడలేదా, బంతి తీసి జేబులో వేసుకోవచ్చు.

జేబులో వేసుకోవడమే దీని అసలు సుఖం. వెనక జట్టు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంటుంది, మే నెలైతే తొమ్మిదింటికే నెత్తి మాడుతుంది. అలాంటప్పుడు పదో దెబ్బ కోసం ఇసుకలో పెనుగులాడక్కర్లేదు. పోయిన బంతిని వెతకడానికి 2019 నుంచి ఇచ్చేది మూడే నిమిషాలు, అంతకుముందు ఐదు. ఈ రెండూ కలిస్తే నలుగురి ఆట టిఫిన్ వేళకి ముగుస్తుంది. నలుగురూ ఒకే పోటీలో ఉంటారు, ఆఖరి హోల్ దాకా ఎవరికీ ఆశ చావదు. సాహసం కూడా పెరుగుతుంది. పార్ 5లో కాలవ మీంచి రెండో దెబ్బకే దాటించాలని స్ట్రోక్ ప్లేలో నేను ఎన్నడూ చూడను. ఇక్కడ చూస్తాను. పోతే రెండు పాయింట్లు పోతాయి, అంతే కదా.

"స్టేబుల్‌ఫర్డ్ ఆడితే హ్యాండిక్యాప్ అబద్ధమైపోతుంది" అని ఒక వాదన వింటుంటాం. నిలబడని వాదన. 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో ఏ హోల్ స్కోరునైనా నెట్ డబుల్ బోగీ (రావాల్సిన దెబ్బలు తీసేశాక పార్‌కన్నా రెండు ఎక్కువ) దగ్గరే కోసేస్తారు. స్టేబుల్‌ఫర్డ్‌లో సున్నా పడే చోటూ సరిగ్గా అదే. అంటే స్ట్రోక్ ప్లేలో మీరు కష్టపడి రాసుకున్న పదకొండు కూడా హ్యాండిక్యాప్ లెక్కకి వచ్చేసరికి ఎనిమిదో తొమ్మిదో అవుతుంది. రెండు దారులూ ఒక్క చోటికే చేరుతున్నప్పుడు ఏడుస్తూ వెళ్లడం దేనికి?

దీనికీ తెగులు లేకపోలేదు. హ్యాండిక్యాప్ ఎక్కువ చెప్పుకునేవాడికి ఇది పండగ. పద్దెనిమిది హోల్స్‌లో 36 పాయింట్లొస్తే హ్యాండిక్యాప్‌కి తగ్గట్టు ఆడినట్టు. ఎవరికైనా ఊరికూరికే 40 దాటుతోందంటే వాళ్ల అంకె తగ్గించాలి. స్నేహితుల మధ్య ఆ మాట అనడం కష్టం గానీ, అనాలి. ఇంకోటి, బంతి జేబులో వేసుకోవడం అలవాటైతే మూడడుగుల పట్‌లు కొట్టే ధైర్యం పోతుంది. క్లబ్బు పోటీలో ఒక్కసారిగా ప్రతిదీ గుంటలో వెయ్యాల్సి వస్తే చేతులు వణుకుతాయి. నేవీ ఆయన మాటలో నిజం ఉన్నది ఇక్కడే.

అందుకని మా జట్టుకి నేనడిగేది ఇది: మామూలు ఆదివారం నలుగురూ వస్తే స్టేబుల్‌ఫర్డ్, ఇద్దరే మిగిలితే మ్యాచ్ ప్లే, నెలలో ఒక్క ఆట మాత్రం పూర్తి స్ట్రోక్ ప్లే, ఒక్క పట్ కూడా ఇవ్వకుండా. మాస్టారు వెంటనే ఒప్పుకున్నారు. నేవీ ఆయన నెలకి రెండు స్ట్రోక్ ప్లేలు కావాలంటున్నారు, ఇంకా బేరం తెగలేదు.

బావకి మాత్రం కనీసం ఏడాదిపాటు స్టేబుల్‌ఫర్డ్ తప్ప వేరేది వద్దంటాను. కొత్త పద్ధతిలో హ్యాండిక్యాప్ 54 దాకా ఇవ్వొచ్చు, ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా. 54 అంటే హోల్‌కి మూడు దెబ్బలు అదనం. పార్ 4లో ఏడు కొట్టినా రెండు పాయింట్లు. మొన్న ఒక హోల్‌లో వాడు ఆరు కొట్టి మూడు పాయింట్లు తెచ్చుకున్నాడు, నేవీ ఆయన పార్ కొట్టి రెండు దగ్గరే ఆగారు. "ఏటి సార్, మీకు రెండేనా?" అని వాడు అడిగితే ఆయన కార్డు కేడీ చేతికిచ్చి తర్వాతి టీకి నడిచారు.