క్లినిక్‌లో ఫ్యాక్స్ యంత్రం: ఏళ్ల తరబడి వాడిన తరువాత రాస్తున్న సమీక్ష

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఒక చిన్న క్లినిక్‌కు నేను ఆఫీసు వ్యవహారాలు చూస్తున్నాను. మా దగ్గర రోగుల రికార్డులన్నీ కంప్యూటర్‌లోనే ఉంటాయి, మందుల చీటీలు చాలావరకు నేరుగా ఫార్మసీ కంప్యూటర్‌కే వెళ్తాయి. అయినా స్పెషలిస్టుకు పంపవలసిన రిఫరల్, ఇతర ఆసుపత్రుల నుంచి తెప్పించుకోవలసిన పాత రికార్డులు, చికిత్సకు ముందే బీమా సంస్థ నుంచి తీసుకోవలసిన ప్రయర్ ఆథరైజేషన్ వంటివి ఈనాటికీ ఎక్కువగా ఫ్యాక్స్ మీదే నడుస్తున్నాయి. ఇక్కడి క్లినిక్‌లలో పనిచేసే తెలుగువారికీ, హైదరాబాదులో రాత్రి షిఫ్టులలో కూర్చుని అమెరికా క్లినిక్‌ల ఆథరైజేషన్ పనులు చూసేవారికీ ఈ బాధ కొత్తది కాదు. రోజూ వాడిన యంత్రం గురించీ, దాని చుట్టూ అల్లుకున్న పద్ధతి గురించీ నాకు ఏర్పడిన అభిప్రాయాన్ని వివరంగా రాస్తున్నాను.

ముందుగా యంత్రానికి దక్కవలసిన మంచి మాట చెప్పాలి. మా లేజర్ ఫ్యాక్స్ గట్టిది. టోనర్ మార్చడం, ఫీడర్‌లోని రబ్బరు రోలర్లను అప్పుడప్పుడు తుడవడం తప్ప దానికి పెద్దగా సేవ చేయవలసిన అవసరం రాలేదు. లోపం దాని తయారీలో లేదు, అది అనుసరించే ప్రమాణంలో ఉంది. నేటికీ రెండు ఫ్యాక్స్ యంత్రాలు మాట్లాడుకునేది 1980లో ఖరారైన గ్రూప్ 3 ప్రమాణం ప్రకారమే. మామూలు సెట్టింగులో అడ్డంగా అంగుళానికి 204 చుక్కలు, నిలువుగా 98 గీతలు మాత్రమే నమోదవుతాయి. ఫైన్ సెట్టింగులో ఆ గీతలు 196కు పెరుగుతాయి. ప్రతి చుక్కా నలుపో తెలుపో కావాలి గాని మధ్య ఛాయ అంటూ ఉండదు. అందువల్ల ఫారంలో లేత బూడిద రంగు వేసిన గడి అవతలి వైపు నల్లటి పట్టీగా చేరుతుంది, తీరా చూస్తే రోగి బీమా మెంబర్ నంబరు ఆ గడిలోనే ఉంటుంది. ఒక ల్యాబ్ రిపోర్టులో 1.8 అని ఉండవలసిన క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్త పరీక్ష) విలువ, మధ్యలో చుక్క మాయమై, 18గా కనిపించిన పేజీ నా చేతికి వచ్చింది. ల్యాబ్‌కు ఫోన్ చేసి అసలు అంకె నిర్ధారించుకున్న తరువాతే దానిని డాక్టరుగారి ముందు పెట్టాను. పేజీకి పట్టే సమయం పెరిగినా సరే, ఫైన్ సెట్టింగు తప్ప మరొకటి వాడకూడదని మా క్లినిక్‌లో అప్పటి నుంచి నియమం పెట్టాము.

నా అసలు ఫిర్యాదు కన్ఫర్మేషన్ పేజీ మీద. పంపడం పూర్తి కాగానే తేదీ, సమయం, పేజీల సంఖ్య, పక్కన ‘ఓకే’ అని ముద్రించిన కాగితం బయటకు వస్తుంది, దానిని చూసి పని అయిపోయిందని అందరూ అనుకుంటారు. నిజానికి ఆ కాగితం చెప్పగలిగినది ఒక్కటే: ప్రతి పేజీ తరువాత అవతలి యంత్రం అందినట్టుగా తిరుగు సంకేతం పంపింది. ఆ పేజీలు ట్రేలో వేరొకరి కాగితాల కట్టలో కలిసిపోయాయా, కాగితం అయిపోవడంతో యంత్రం మెమరీలోనే ఉండిపోయాయా, ఫ్యాక్స్ సర్వర్‌లో చేరి ఏ రోగి ఫైలుకు జతచేయాలో చూసే మనిషి కోసం ఎదురుచూస్తున్నాయా అన్నది దానికి తెలియదు. కాగితాలు తిరగేసి పెట్టి అన్నీ తెల్ల పేజీలే పంపినా ‘ఓకే’ అనే వస్తుంది.

దీని ఫలితం రోగి మీద ఎలా పడుతుందో ఒక ఉదాహరణ చెప్తాను. నడుము నొప్పితో మొదలై కాలు తిమ్మిరెక్కే దాకా వచ్చిన ఒక పెద్దాయనకు ఎంఆర్ఐ కోసం ఆథరైజేషన్ అడుగుతూ డాక్టరుగారి నోట్సుతో సహా అన్నీ పంపాము. కన్ఫర్మేషన్ వచ్చింది. స్కాన్ తేదీ దగ్గరపడిన తరువాత ఫోన్ చేస్తే, మీ దగ్గర నుంచి ఏమీ రాలేదని బీమా సంస్థ వారు చెప్పారు. మళ్లీ పంపాము, మళ్లీ అదే సమాధానం. చివరికి తేలినదేమిటంటే, మేము మొదటిసారి పంపినది వారికి చేరింది గాని, రోగి వివరాలున్న మొదటి పేజీ విడిపోవడంతో మిగిలిన పేజీలు ఎవరివో తెలియక పక్కన పెట్టారు. ఈలోగా స్కాన్ అపాయింట్‌మెంట్ పోయింది, ఆయన మరికొన్ని వారాలు ఆ నొప్పితోనే గడపవలసి వచ్చింది. ఫోన్‌లో మాట్లాడిన ఉద్యోగిని తప్పుపట్టలేను, ఎందుకంటే ఆమె స్క్రీన్ మీద నిజంగానే ఏమీ లేదు. పంపినవారి దగ్గర రుజువు, అందుకోవలసినవారి దగ్గర శూన్యం, ఈ రెండూ ఒకేసారి నిజం కాగలిగే పద్ధతిలో వైద్యం నడవడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. ఆ తరువాత ప్రతి పేజీ పైభాగంలోనూ రోగి పేరు, పుట్టిన తేదీ, మెంబర్ నంబరు వచ్చేలా మా ప్రింటు అమరికను మార్చుకున్నాము. మా రాష్ట్రంలోనే, 2020లో హ్యూస్టన్ నగరమున్న హారిస్ కౌంటీ ఆరోగ్య శాఖకు కోవిడ్ పరీక్షల ఫలితాలు ఫ్యాక్స్‌లో గుట్టలుగా వచ్చిపడిన సంగతి తెలిసినప్పుడు, వాటిని ఒక్కొక్కటిగా విడదీసి నమోదు చేసినవారి శ్రమ ఎంతటిదో నాకు వేరే చెప్పనక్కరలేకపోయింది.

మా భవనంలో రాగి తీగల టెలిఫోన్ లైను తీసేసి ఇంటర్నెట్ ఫోన్ పెట్టిన తరువాత పరిస్థితి మరింత దిగజారింది. ఫ్యాక్స్ సమాచారం శబ్ద సంకేతాలుగా, తెగకుండా, సమయం తప్పకుండా సాగాలి. ఇంటర్నెట్ ఫోన్ మాత్రం శబ్దాన్ని చిన్న చిన్న ప్యాకెట్లుగా విడగొడుతుంది. వాటిలో ఒకటి రెండు పోయినా మనిషి చెవి సర్దుకుంటుంది గాని ఫ్యాక్స్ మోడెమ్ సర్దుకోలేదు. పొడవైన ఫ్యాక్స్‌లు మధ్యలో తెగిపోవడానికి కారణం ఇదే. ఇలాంటి ఇబ్బంది ఉన్నవారు ముందుగా తమ ఫోన్ కంపెనీ ఇంటర్నెట్ మీద ఫ్యాక్స్ పంపడానికే ఉద్దేశించిన టి.38 పద్ధతిని ఇస్తున్నదో లేదో అడగాలి, తరువాత యంత్రం వేగాన్ని సెకనుకు 33,600 బిట్ల నుంచి 14,400కు, అప్పటికీ కుదరకపోతే 9,600కు తగ్గించాలి. దోషాలను సరిదిద్దే ఈసీఎం సౌకర్యాన్ని ఆపేయమని కొందరు టెక్నీషియన్లు సలహా ఇస్తారు. దానివల్ల కాల్ తెగడం తగ్గవచ్చు గాని పాడైన గీతలు పేజీలో అలాగే మిగిలిపోతాయి కాబట్టి రోగుల కాగితాలు పంపేవారు ఆ పని చేయకూడదని నా అభిప్రాయం.

ఇన్ని అవస్థలున్నా ఫ్యాక్స్ ఎందుకు పోలేదని అడిగితే, చట్టం ప్రకారం అదే వాడాలి అని చాలామంది చెప్తారు. ఇది సరికాదు. రోగుల సమాచార గోప్యతకు సంబంధించిన 1996 నాటి హిపా చట్టం గాని, దాని కింద వచ్చిన నియమాలు గాని ఫ్యాక్స్‌ను తప్పనిసరి చేయలేదు, తగిన రక్షణతో పంపే ఈమెయిల్‌ను నిషేధించనూ లేదు. అయితే కాగితం నుంచి కాగితానికి వెళ్లే ఫ్యాక్స్ ఎలక్ట్రానిక్ సమాచారానికి వర్తించే భద్రతా నియమాల పరిధిలోకి రాదు, అందువల్ల దానిని కొనసాగించడం కార్యాలయాలకు తేలికైన మార్గమైంది. 2009లో వచ్చిన హైటెక్ చట్టం ప్రోత్సాహకాలిచ్చి క్లినిక్‌లను కంప్యూటర్ రికార్డుల వైపు మళ్లించింది గాని, ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ మరొక కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో సులువుగా మాట్లాడే ఏర్పాటు వెంటనే రాలేదు. ఆ ఖాళీని ఫ్యాక్స్ నింపింది. 2020 నాటికి డాక్టర్ల కార్యాలయాలలో ఫ్యాక్స్ లేకుండా పోవాలని మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) వ్యవహారాల అధిపతిగా అప్పట్లో ఉన్న సీమా వర్మ 2018లో పిలుపునిచ్చారు. బ్రిటన్ ప్రభుత్వం అదే సంవత్సరం తమ ప్రభుత్వ వైద్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రులు 2019 జనవరి నుంచి ఫ్యాక్స్ యంత్రాలు కొనకూడదనీ, 2020 మార్చి 31 నాటికి వాడకం ఆపాలనీ ఆదేశించింది. ఇక్కడ అటువంటి ఆదేశం రాలేదు, పిలుపుతోనే ఆగిపోయింది.

గోప్యతకు ఫ్యాక్స్ మంచిదన్న నమ్మకం కూడా నాకు మిగలలేదు. మాకు ఇంతకుముందు ఉన్న పాత యంత్రం ఇంకు ఫిల్ము చుట్టతో ముద్రించేది. వాడేసిన చుట్టను విప్పి వెలుతురుకు పట్టి చూస్తే, మాకు వచ్చిన ప్రతి పేజీలోని అక్షరాలూ ఆ నల్లటి ఫిల్ము మీద తెల్లగా, పేర్లతో రోగ వివరాలతో సహా చదవగలిగేలా కనిపించాయి. అటువంటి యంత్రం ఇంకా వాడుతున్నవారు ఆ చుట్టలను చెత్తబుట్టలో వేయకుండా ముక్కలు చేయించాలి. కొత్త మల్టీఫంక్షన్ యంత్రాలలో ఇదే సమాచారం హార్డ్ డిస్కులో ఉండిపోవచ్చు గనుక లీజు ముగిసి తిరిగి ఇచ్చేటప్పుడు దానిని చెరిపించడం తప్పనిసరి.

ఇప్పుడు మేము ఎక్కువ పనికి ఆన్‌లైన్ ఫ్యాక్స్ సేవ వాడుతున్నాము. ట్రేలో కాగితాలు అనాథగా పడి ఉండే పరిస్థితి పోయింది, వచ్చినది నేరుగా రోగి ఫైలులోకి చేర్చవచ్చు, వెతకడమూ సులువైంది. కానీ అందేది ఇప్పటికీ బొమ్మే కనుక అందులోని వివరాలను ఎవరో ఒకరు చూసి తిరిగి టైపు చేయవలసిందే, అవతలివారికి అందిందా లేదా అన్న సందేహమూ పోలేదు. మెడికేర్ అడ్వాంటేజ్ (ప్రైవేటు సంస్థల ద్వారా నడిచే మెడికేర్), మెడికెయిడ్ (తక్కువ ఆదాయం గలవారికి ప్రభుత్వ బీమా) వంటి పథకాలు ఆథరైజేషన్ అభ్యర్థనలను కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కే అందుకునే ఏర్పాటును 2027 జనవరి నాటికి సిద్ధం చేయాలని 2024 జనవరిలో అమెరికా కేంద్ర ప్రభుత్వ నియమం వచ్చింది. నాకు దీని మీదే ఆశ ఉంది. అది మందుల ఆథరైజేషన్లకు వర్తించదు గాని, ఎంఆర్ఐ వంటి పరీక్షలకు వర్తించినా మా పనిలో పెద్ద భారం తగ్గుతుంది.

కొత్తగా క్లినిక్ తెరిచేవారు ఫ్యాక్స్ యంత్రం కొనవద్దనే నేను చెప్తాను. హిపా ప్రకారం రాతపూర్వక ఒప్పందం చేసుకునే ఆన్‌లైన్ సేవ తీసుకుంటే చాలు. బీమా సంస్థకు సొంత పోర్టల్ ఉంటే అభ్యర్థన అందులోనే పెట్టి రిఫరెన్సు నంబరు తీసుకోవాలి. పాత యంత్రాన్ని వదిలించుకునేవారు మాత్రం దాని నంబరును వదులుకోకుండా కొత్త సేవకు మార్పించుకోవాలి. ఊరిలోని ల్యాబ్‌లు, స్పెషలిస్టుల ఫారాలు, ఫార్మసీల కంప్యూటర్లు అన్నింటిలోనూ ఆ నంబరే ఉంటుంది, అది వేరొకరికి కేటాయింపబడితే మన రోగుల కాగితాలు ముక్కూముఖం తెలియనివారి చేతికి చేరతాయి.