పాత కారుకి చౌక ఓబీడీ స్కానర్: కొన్నేళ్లు వాడాక నా రివ్యూ

ఐదారు వందలకి ఆన్‌లైన్‌లో దొరికే చిన్న బ్లూటూత్ ఓబీడీ స్కానర్ గురించి ఇది. ఓబీడీ అంటే ఇంజిన్‌లో తేడా వస్తే కారు కంప్యూటర్ తనే పట్టుకుని రాసుకునే ఏర్పాటు, దాని పోర్టులో ఈ స్కానర్‌ని గుచ్చాలి. నాది 2011 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, లక్ష కిలోమీటర్లు ఎప్పుడో దాటేసింది. రోజూ విజయవాడలోనే తిరుగుతుంది, అప్పుడప్పుడు హైదరాబాద్ వెళ్తుంది. డబ్బా మీద రాసినట్టు కారు జబ్బు క్షణాల్లో చెప్పేస్తుందనుకుని మాత్రం దీన్ని కొనకండి. ఇంజిన్ కంప్యూటర్‌కి ఏం కనిపిస్తోందో మనకి ఫోన్‌లో చూపిస్తుంది, మిగతా ఆలోచనంతా మనదే.

కోడ్ (కంప్యూటర్ రాసుకున్న తప్పు నంబరు) చదివి ఆపేస్తే దీనివల్ల డబ్బు మిగలకపోగా ఇంకా ఖర్చవుతుంది. ఉదాహరణకి నా కారు సంగతే చెప్తాను. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ వణుకుతోంది, ఏసీ వేస్తే ఆగిపోయేలా ఉంది. స్కాన్ చేస్తే పీ0171 వచ్చింది. అంటే సిలిండర్లలోకి గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ వెళ్తోందని. ఒక షెడ్డులో చూపిస్తే ఆక్సిజన్ సెన్సర్ (పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని చూసేది) పోయింది, మార్చేద్దాం అన్నారు. ఆ సెన్సర్ తన పని తను సరిగ్గా చేసి ఫిర్యాదు చేసింది, ఫిర్యాదు చేసినవాణ్ణే పీకేస్తామంటే ఎలా?

అప్పుడు పనికొచ్చింది లైవ్ డేటా, అంటే ఇంజిన్ నడుస్తుండగా ఫోన్‌లో కనిపించే అంకెలు. అందులో ఫ్యూయల్ ట్రిమ్ అని శాతాల్లో ఒక అంకె కనిపిస్తుంది, కొంతకాలంగా నేర్చుకున్నది లాంగ్ టర్మ్ ఒకటి, అప్పటికప్పుడు మారేది షార్ట్ టర్మ్ ఒకటి. తను అనుకున్నదానికన్నా ఎంత పెట్రోల్ ఎక్కువో తక్కువో పోయాల్సి వస్తోందో కంప్యూటర్ వేసుకునే లెక్క అది. రెండూ కలిపి ప్లస్‌లోనో మైనస్‌లోనో పది లోపు ఉంటే పెద్దగా టెన్షన్ అక్కర్లేదు. నా కారులో ఐడ్లింగ్‌లో లాంగ్ టర్మ్ ప్లస్ 19 చూపించింది, యాక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర కాసేపు నిలబెడితే మెల్లగా 5కి దిగింది. విషయం ఇక్కడే ఉంది. ఎక్కడో పైపు చిట్లి దొంగగాలి లోపలికి వస్తుంటే ఐడ్లింగ్‌లో దాని వాటా పెద్దది, ఎందుకంటే థ్రాటిల్ (గాలి దారిలో ఉండే తలుపు) దాదాపు మూసి ఉండి లోపల వాక్యూమ్ గట్టిగా లాగుతుంటుంది. రేస్ ఇచ్చాక అసలు దారిలోనే బోలెడు గాలి వస్తుంది కాబట్టి ఆ లీకు లెక్కలోకి రాదు. ఇదే తిరగబడి, ఐడ్లింగ్‌లో బాగుండి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ట్రిమ్ పెరిగిపోతుంటే పెట్రోల్ పంపు నీరసించిందో, ఫిల్టర్ మూసుకుపోయిందో చూడాలి. సెన్సర్ మార్చినా ఈ రెండింటిలో ఏదీ తీరదు.

ఆటోనగర్‌లో నాకు తెలిసిన మేస్త్రికి ఫోన్‌లో ఆ అంకెలు చూపించాను. ఆయనకి ట్రిమ్ అంకెలతో పని లేదు, కానీ "రేస్ ఇస్తే సర్దుకుంటోంది" అనగానే ఇంటేక్ వెనక పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరిని మళ్లీ ఇంటేక్‌లోకి పంపేది) మీద చెయ్యి పెట్టి వంచాడు. అడుగున చీలి ఉంది. రబ్బరు వేడికి ఎండి గట్టిపడిపోయింది. కొత్త గొట్టం రెండొందలు కూడా కాలేదు. కొన్ని రోజులు తిరిగాక ట్రిమ్ 4కి వచ్చి నిలబడింది. పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతానికి పెరిగాక పాత కార్లలో ఈ అంకె కొద్దిగా పైకి జరగడం మామూలే, ఇథనాల్‌కి అంతే గాలికి ఇంకాస్త ఇంధనం కావాలి కాబట్టి. రెండు మూడు శాతం పెరిగిందని షెడ్డుకి పరిగెత్తకండి.

రెండో పెద్ద లాభం టెంపరేచర్. చాలా కార్లలో డ్యాష్‌బోర్డు ముల్లు ఒకసారి మధ్యకి వచ్చాక కూలెంట్ 85 డిగ్రీల్లో ఉన్నా 100లో ఉన్నా అక్కడి నుంచి కదలదు, కావాలనే అలా పెడతారు. మే నెలలో బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో స్కానర్ 106 చూపిస్తుంటే ముల్లు మాత్రం మధ్యలోనే హాయిగా ఉంది. వెంటనే పక్కకి ఆపేశాను. రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదు, చూస్తే రిలే పోయింది. అలాగే నడిపి ఉంటే హెడ్ గాస్కెట్ దాకా వెళ్లేది, దానికి ఇంజిన్ విప్పాలి.

మిస్సింగ్ కొడుతుంటే, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండకపోతుంటే, పని ఇంకా తేలిక. పీ0303 వస్తే మూడో సిలిండర్. కాయిల్స్ (ప్లగ్గుకి కరెంటు ఇచ్చేవి) విడివిడిగా ఉన్న బండిలో మూడోదాన్ని ఒకటో దాంతో మార్చి నడపండి, కోడ్ పీ0301కి మారితే కాయిల్ పోయినట్టే. మారకపోతే ప్లగ్గు, తర్వాత ఇంజెక్టర్, తర్వాత కంప్రెషన్. కంప్రెషన్‌ని ఈ స్కానర్ కొలవలేదు, దానికి గేజ్ ఉన్న షెడ్డుకే వెళ్లాలి. ఇంజిన్ మౌంటింగులు అరిగినా, ఆయిల్ కారుతున్నా, చెయిన్ గలగలమంటున్నా దీనికి తెలియదు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్ల జోలికీ మామూలుగా రాదు.

ఇక చిరాకులు. మార్కెట్లో ఉన్న చౌక రకాలన్నీ దాదాపు ఈఎల్ఎం327 అనే చిప్‌కి నకళ్లే. వాటిలో వెర్షన్ 2.1 అని రాసి ఉన్నవి పాత కార్లతో ఎక్కువగా పేచీ పెడతాయి. కొత్త కార్లు స్కానర్‌తో క్యాన్ అనే పద్ధతిలో మాట్లాడతాయి, పాతవి చాలావరకు కే-లైన్ అనే పద్ధతిలో. కొన్ని నకళ్లకి కే-లైన్ సరిగ్గా రాదు, వచ్చినా అంకెలు నత్తనడకే. అందుకని ఒకేసారి పది గేజ్‌లు పెట్టుకోకుండా మూడు నాలుగే పెట్టుకోండి. మనదేశంలో బీఎస్4 (కాలుష్య నిబంధనల్లో ఒక దశ) కార్లకి ఓబీడీ తప్పనిసరి చేసింది 2010 ఏప్రిల్ నుంచి, రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి. అంతకు ముందు కార్లకి 16 పిన్నుల పోర్టు కనిపించినంత మాత్రాన అన్నీ చదువుతుందనుకోవద్దు, కొనేముందు అదే మోడల్ ఉన్నవాళ్లని అడగండి. కార్బురేటర్ బండికైతే అసలు అక్కర్లేదు.

ఇంజిన్ ఆపినా ఇది నిద్రపోదు, కరెంటు లాగుతూనే ఉంటుంది. బ్యాటరీ పాతదై బండి కొన్ని రోజులు కదలకపోతే సెల్ఫ్ తిరగదు, కాబట్టి పని అయ్యాక పీకేయండి. కోడ్ చెరిపే ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా. లైటు వెలిగిన క్షణంలో స్పీడు, వేడి, ఆర్‌పీఎం ఎంతో అందులో ఉంటాయి, చెరిపేస్తే అవీ పోతాయి. అన్నట్టు ఇంజిన్ ఆపి కీ ఆన్ చేస్తే మ్యాప్ సెన్సర్ (ఇంటేక్‌లో గాలి పీడనం కొలిచేది) బయటి గాలి పీడనమే చూపించాలి. విజయవాడలో 100 కిలోపాస్కల్స్ దగ్గర ఉండేది హైదరాబాద్‌లో 95 చూపిస్తే సెన్సర్ పోయిందనుకోకండి, ఆ ఊరు ఎత్తులో ఉంది మరి. ఐఫోన్ వాళ్లు ఈ మామూలు బ్లూటూత్ రకం కొంటే కనెక్ట్ కాదు, వైఫైదో బ్లూటూత్ 4.0 ఉన్నదో చూసి తీసుకోండి.