1966 మస్టాంగ్ హార్డ్‌టాప్: కౌల్ చూడకుండా ధర కట్టవద్దు

ఫోర్డ్ మస్టాంగ్ అందం గురించి, పొడవాటి బానెట్ గురించి మళ్లీ చెప్పను. 289 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజిను, సీ4 ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉన్న 1966 హార్డ్‌టాప్‌ను (కదలని లోహపు కప్పు ఉన్న రెండు తలుపుల రకం) మిషిగన్‌లో ఏళ్ల తరబడి నడిపిన మీదట నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే. ఈ కారుకు న్యాయమైన ధర ఎంతో ఇంజిను చెప్పదు, రంగు చెప్పదు. బానెట్‌కు వెనుక, ముందు అద్దానికి అడుగున దాగి ఉండే కౌల్ అనే రేకు పెట్టె చెబుతుంది. ఆ పెట్టె మీద నాకున్న కోపం ఇప్పటికీ తగ్గలేదు.

అమ్మేవారు చాలామంది 'అరుదైన కారు' అన్న మాటతో బేరం మొదలుపెడతారు. 1966 సంవత్సరపు మస్టాంగులు మొత్తం 6,07,568 తయారయ్యాయి, వాటిలో 4,99,751 హార్డ్‌టాపులే. వెనుక భాగం వాలుగా ఉండే ఫాస్ట్‌బ్యాక్‌లు 35,698 మాత్రమే కాబట్టి వాటి ధర వేరు, వాటి లెక్క వేరు. ఎక్కడో ఒక ఫాస్ట్‌బ్యాక్ వేలంలో పలికిన ధరను చూపించి హార్డ్‌టాప్‌కు అంత అడగడం సరికాదు. ఇంజిను సంగతి వాహన సంఖ్యలోని ఐదో అక్షరం తేల్చేస్తుంది: 'సీ' అయితే రెండు బ్యారెళ్ల కార్బురేటర్ ఉన్న 289, 'ఏ' అయితే నాలుగు బ్యారెళ్లది, 'కే' అయితే 271 హార్స్‌పవర్ ఇంజిను, 'టీ' అయితే ఆరు సిలిండర్లది. తలుపు మీద రివెట్లతో బిగించిన పలక కొత్తది కొని తగిలించుకోవచ్చు గనుక దాన్ని నమ్మనక్కరలేదు, డ్రైవర్ వైపు ఫెండర్ (ముందు చక్రం మీది మడ్‌గార్డు) లోపలి రేకు మీద అచ్చు గుద్దిన సంఖ్యనే చూడాలి. ఆరు సిలిండర్ల కారులో తర్వాత ఎవరైనా వీ8 ఎక్కించి ఉంటే, చక్రానికి ఐదు బోల్టులకు బదులు నాలుగే మిగిలిపోయి విషయం బయటపెట్టే సందర్భాలున్నాయి. 1967 నుంచి వచ్చిన ఫోర్డ్ కార్లకు మార్టీ రిపోర్ట్ తెప్పించుకుంటే ఫ్యాక్టరీ నుంచి ఏయే హంగులతో బయటికొచ్చాయో తెలుస్తుంది. 1966 కారు కొనేవారికి ఆ ఆధారం లేదు.

పాత కార్లకు బీమా చేసే హ్యాగర్టీ వారి ధరల పట్టిక కారు స్థితిని నాలుగు తరగతులుగా విభజిస్తుంది, ఒకటోది అన్నిటికన్నా మేలైనది. బ్రింగ్ ఎ ట్రైలర్ వంటి వేలం సైట్లలో ముగిసిన అమ్మకాల ధరలు ఎవరైనా చూడవచ్చు. నేను రెండింటినీ వాడాను, రెండూ ఉపయోగపడ్డాయి. ప్రకటనల్లో అడిగే ధర అమ్మేవాడి ఆశను మాత్రమే చెబుతుంది, ముగిసిన అమ్మకమే సాక్ష్యం. అయితే పట్టిక మూడో తరగతి అని చెప్పే రెండు కార్లు పక్కపక్కన నిలబెట్టినప్పుడు ఒకేలా మెరుస్తూ, కౌల్ దగ్గరికి వచ్చేసరికి వేల డాలర్ల తేడాతో ఉండవచ్చు. ఆ తేడా ఏ ఫోటోలోనూ కనిపించదు.

కౌల్ అంటే పైన ఒకటి, కింద ఒకటి రెండు రేకులను స్పాట్ వెల్డింగ్‌తో అతికించిన పెట్టె. పై రేకుకున్న సన్నని చీలికల గుండా గాలీ వాననీరూ రెండూ లోపలికి వెళతాయి. నీరు రెండు చివర్ల నుంచి ఫెండర్ల వెనుకగా కిందికి జారిపోవాలి, గాలి మాత్రం టోపీ ఆకారంలో పైకి లేచిన రెండు గొట్టాల ద్వారా కారులోకి రావాలి. ఏళ్ల తరబడి చెట్ల కింద నిలిపిన కారులో ఆకులు చీలికల గుండా పడి, కుళ్లి, ఆ గొట్టాల మొదళ్ల చుట్టూ తడి మట్టిలా పేరుకుంటాయి. అక్కడ రేకు తుప్పు పట్టి చిల్లులు పడితే నీరు డ్యాష్‌బోర్డు కింద నుంచి కార్పెట్ మీదకూ, అక్కడి నుంచి అడుగు రేకు మీదకూ చేరుతుంది. లోపలికి చెయ్యి పట్టదు, చూపు ఆనదు.

ఈ సంగతి ముందే చదివి ఉన్నాను గనుక, కొనేటప్పుడు నీటి పరీక్ష చేయనివ్వాలని అమ్మే ఆయనను అడిగాను, ఆయన ఒప్పుకున్నారు. డ్రైవర్ వైపు ఒక క్యాన్ నీళ్లు పోయగానే లోపల చుక్కలు పడ్డాయి. ప్రయాణికుడి వైపు పొడిగా ఉంది. ఆయన 24,000 డాలర్లు అడుగుతున్నారు. అప్పటికి అదే ఇంజినుతో, అదే స్థితిలో అమ్ముడుపోయిన హార్డ్‌టాపుల ధరలను పక్కన పెట్టుకుని, ఒక వైపు మరమ్మతుకు అయ్యే ఖర్చు తగ్గించి మాట్లాడితే 18,500కి బేరం కుదిరింది. ఆ ఒక్క క్యాను నీళ్లను మించిన మదింపు సాధనం లేదని ఆ తర్వాత చాలాకాలం కనిపించిన వారందరికీ చెప్పాను. డ్రైవర్ వైపు చిల్లును ఒక ప్లాస్టిక్ గిన్నె, సీలెంటుతో తాత్కాలికంగా మూసి నడిపాను.

తెనాలి నుంచి అమ్మానాన్నలు వచ్చిన వేసవిలో, కారు పుట్టిన ఊరు చూపిద్దామని నాన్నగారిని డియర్‌బోర్న్ తీసుకెళ్లాను. వాహన సంఖ్యలో 'ఎఫ్' అక్షరం ఉంటే అక్కడి కర్మాగారంలో తయారైనట్లు, మాది అదే. తిరుగు ప్రయాణంలో ఉరుములతో వాన అందుకుంది, ఇల్లు చేరేదాకా విడవలేదు. సగం దారిలో నాన్నగారు చెప్పులు విడిచి కాళ్లు పైకి పెట్టుకున్నారు. నేను అద్దం రబ్బరు కారుతోందనుకుని అంచులు తడుముతుంటే, "అద్దంలోంచి కాదురా, హీటరు దగ్గర నుంచి దిగుతున్నాయి, వేడి కూడా లేవు, ఇవి వాననీళ్లే" అన్నారు. రేడియేటరు నీళ్లు హీటరు నుంచి కారితే వెచ్చగా, జిగురుగా ఉంటాయి. జీవితమంతా లాంబ్రెట్టా తప్ప మరో బండి నడపని మనిషి తేల్చింది అక్షరాలా నిజం. పొడిగా ఉందని నేను నమ్మిన వైపే, కొన్నప్పుడు పరీక్షలో నెగ్గిన వైపే, ధారగా కారింది.

రేకు పని చేసే షాపులో ముందు అద్దం, బానెట్, ఫెండర్లు విప్పి, స్పాట్ వెల్డింగ్ చుక్కలను ఒక్కొక్కటిగా డ్రిల్లుతో తొలిచి పై రేకు ఎత్తినప్పుడు కారణం తెలిసింది. ప్రయాణికుడి వైపు గొట్టం మొదట్లో చుట్టూరా ఎవరో నల్లని సీలెంటు దట్టంగా పూసి ఉంచారు. కాసిని నీళ్లను అది ఆపగలదు. గంటసేపు నీరు నిలిచేసరికి పగుళ్లలోంచి దారి చేసుకుంది. సీలెంటు కింద లోహమన్నదే లేదు, చిటికెన వేలు దూరేంత సందు చుట్టూ ఉంది. నాకు అమ్మిన ఆయనే చేశారో, ఆయనకు అమ్మినవారు చేశారో తేల్చడానికి ఆధారం లేదు కాబట్టి ఎవరినీ అనను. కానీ అమ్మకానికి ముందు పూసి, పూశామని చెప్పకపోవడాన్ని నేను మోసంగానే చూస్తాను.

కౌల్ రేకులు కొత్తవి దొరుకుతాయి, కొన్ని వందల డాలర్లే. విప్పడం, తొలవడం, అతకడం, మళ్లీ రంగు కలపడం అనే కూలి వాటిని ఎన్నో రెట్లు మించింది. ప్రయాణికుడి వైపు అడుగు రేకుకు వేసిన అతుకుతో కలిపి 5,400 డాలర్లయింది. కొన్న ధరతో కూడితే 23,900. అంటే ఆయన మొదట అడిగిన 24,000, కౌల్ బాగుండి ఉంటే, అన్యాయమైన ధరేమీ కాదు. నేను గట్టిగా బేరమాడి గెలిచానని అనుకున్న 5,500 డాలర్లు నా లాభం కాదు, కారులో అప్పటికే దాగి ఉన్న నష్టానికి ఇంచుమించు సమానం. దానికి తోడు ఆ ఏడాది వేసవి మిగతా భాగమంతా కారు షాపులోనే ఉంది. డెట్రాయిట్ దగ్గర వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఏటా ఆగస్టులో జరిగే పాత కార్ల ఊరేగింపు డ్రీమ్ క్రూజ్‌కు నాన్నగారిని అందులో తీసుకువెళ్లలేకపోయాను. ఆ లోటును ఏ పట్టికలోనూ ధరగా వేయలేము.

కాబట్టి నీటి పరీక్షను ఇంతకు ముందు పొగిడినంతగా ఇప్పుడు పొగడను. చేసి తీరాలి, కానీ క్యానుతో కాదు. తోటకు నీళ్లు పెట్టే పైపును రెండు వైపులా చాలాసేపు వదలాలి, బయటికి జారాల్సిన నీరు ఫెండర్ల వెనుక నుంచి నిజంగా జారుతోందా అని చూడాలి, చవకగా దొరికే ఇన్‌స్పెక్షన్ కెమెరాను చీలికల్లోంచి దింపి గొట్టాల మొదళ్లు చూడాలి. అక్కడ నల్లని సీలెంటు కనిపిస్తే నీరు కారకపోయినా చిల్లు ఉన్నట్లే లెక్కించి, రెండు వైపులా మరమ్మతు ఖర్చును ధరలోంచి తీసేయాలి. పైపు పట్టనివ్వని అమ్మకందారుకు నేనైతే కౌల్ పోయిందనే లెక్కతోనే ధర చెబుతాను.

మిగతా విషయాల్లో కారు నన్ను నిరాశపరచలేదు. బ్రేకులకు మాత్రం 1966లో ఒకే అర ఉన్న మాస్టర్ సిలిండర్ వచ్చేది, రెండు అరలది 1967 నుంచే. ఒకే అర ఉంటే ఒక చోట కారినా బ్రేకులన్నీ పోతాయి, పిల్లలను ఎక్కించుకునే వాణ్ణి కనుక మార్పించాను. 'కే' ఇంజిను కారైతే అసలు భాగం కోసం వెతుక్కునే కొనుగోలుదారు ఉంటాడు గనుక తీసిన భాగాన్ని భద్రపరచాలి. నాలాంటి 'సీ' హార్డ్‌టాప్‌కు ఆ మార్పు వల్ల ధర తగ్గిందని నాకెవరూ చెప్పలేదు.

నా తీర్పుకు నా పరిస్థితులే హద్దులు. నాకు గ్యారేజీ ఉంది, మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే శీతాకాలంలో కారు బయటికి తీయను, చారిత్రక వాహనాల నంబరు ప్లేటుతో పరిమితంగా నడుపుతాను, అమ్మాలన్న ఆలోచన లేదు. కారును ఆరుబయట నిలిపేవారికీ, రెండేళ్లలో అమ్మి లాభం చూడాలనుకునేవారికీ ఈ లెక్క పనికిరాదు. అరిజోనా వంటి పొడి రాష్ట్రంలో పెరిగిన కారు, కౌల్ తెరిచి బాగుచేసిన ఫోటోలతో, రంగు వెలిసిపోయి ఉన్నా సరే దొరికితే, మెరిసే మిషిగన్ కారు కన్నా మూడు, నాలుగు వేల డాలర్లు ఎక్కువ పెట్టి నేను దాన్నే తీసుకుంటాను.